బోనాలు 1813లోనే మొదలయ్యాయా? ఇలాంటి మొక్కుల పండుగలు వేరే దేశాల్లో ఉన్నాయా?

పాప స్కూలు ప్రాజెక్టు కోసం మీరు రెండు సంగతులు అడిగారు. బోనాలు 1813లో కలరా వల్ల పుట్టాయని ఎక్కడ చూసినా ఉంది, మీ అత్తమ్మ గారేమో "అంతకు ముందు అమ్మకు బోనం ఎత్తలేదా ఏంది?" అంటున్నారు, ఏది నిజం అన్నది మొదటిది. రోగం తగ్గితే పండుగ చేస్తామని మొక్కుకున్నవాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారా అన్నది రెండోది. నేను పుట్టిపెరిగింది శాలిబండ దగ్గర, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. కాబట్టి జవాబు కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి.

నా ఓటు మీ అత్తమ్మ గారికే. అలాగని 1813 కథను తీసిపారేయనక్కర్లేదు. ఆ కథ ఒక గుడి ఎలా వచ్చిందో చెబుతుంది. బోనం ఎలా వచ్చిందో చెప్పదు. ఈ రెండూ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

కథ ఇదీ. సికింద్రాబాద్‌కు చెందిన సురిటి అప్పయ్య ఇంగ్లీషువాళ్ల పటాలంలో డోలీ మోసేవాడు. 1813లో ఆయన ఉన్న పటాలాన్ని ఉజ్జయినికి పంపారు. అదే సమయంలో ఇక్కడ గత్తర (వాంతులు, విరేచనాల మహమ్మారి) పట్టుకుని జనం పిట్టల్లా రాలిపోతున్నారని కబురు వెళ్లింది. అప్పయ్య, ఆయన తోటివాళ్లు ఉజ్జయినిలో మహాకాళి ముందు నిలబడి, మా ఊళ్లో రోగం తగ్గితే నిన్ను అక్కడ ప్రతిష్ఠిస్తాం తల్లీ అని మొక్కుకున్నారు. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం పెట్టి గుడి కట్టారు. అదే ఇవాళ్టి సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి.

గమనించండి, అప్పయ్య మొక్కింది గుడి కడతానని. గుడి కట్టాక అమ్మకు ఏం పెట్టాలో జనానికి ముందే తెలుసు. తెలంగాణ ఊళ్లలో పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు, ముత్యాలమ్మకు బోనం పెట్టడం ఏ గుడి రికార్డులోనూ మొదలైన తేదీ దొరకని ఆచారం. వానలు పడి, నీళ్లు కలుషితమై, వాంతులు విరేచనాలు మొదలయ్యే రోజుల్లోనే ఊరి పొలిమేరలో ఉన్న అమ్మకు బోనం ఎత్తుతారు. గోల్కొండ కోటలో జగదాంబ అమ్మవారి దగ్గరికి వెళ్తే, అక్కడివాళ్లు బోనాలను కుతుబ్‌షాహీల కాలం నుంచీ లెక్కపెడతారు. నగరంలో ఏటా మొదటి బోనం అక్కడే లేస్తుంది, సికింద్రాబాద్ వంతు ఆ తర్వాతే వస్తుంది. ఈ వరస చూస్తేనే సగం జవాబు దొరుకుతుంది.

ఇంకో చిన్న చిక్కు. కలరా ప్రపంచమంతా పాకడం మొదలైంది 1817లో, బెంగాల్‌లోని జెస్సోర్ నుంచి. 1813 దానికి నాలుగేళ్లు ముందు. ఇందువల్ల అప్పయ్య కథ కట్టుకథ అయిపోదు. మన దేశంలో అంతకు ముందు కూడా అక్కడక్కడా ఇలాంటి రోగాలు వచ్చి ఊళ్లను ఖాళీ చేశాయి. జనం నోట అన్నీ గత్తరే, కొందరు ప్లేగు అని కూడా చెబుతారు. పాప ప్రాజెక్టులో "కలరా" అని ఖాయంగా రాయడం కన్నా "మహమ్మారి" అని రాస్తే ఏ టీచరూ తప్పు పట్టలేరు.

ఇలా రోగాన్నీ పండుగనూ ముడిపెట్టే కథల్లో కొన్ని తర్వాత అతికినవి కూడా ఉంటాయి. టోక్యోలో సుమిదా నది మీద వేసవిలో పెద్ద ఎత్తున బాణసంచా కాలుస్తారు. 1732 కరువులో, కలరాలో పోయినవాళ్ల కోసం 1733లో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) మొదలుపెట్టించాడని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే జపాన్‌లోకి కలరా మొదటిసారి అడుగుపెట్టింది 1822లో! ఇప్పుడు అక్కడి చరిత్రకారులే ఆ కథను పక్కన పెడుతున్నారు. మన చార్మినార్ సంగతీ కొంత ఇలాంటిదే. 1591లో ప్లేగు పోయిన గుర్తుగా కట్టారని ప్రతి గైడూ చెబుతాడు. హిజ్రీ లెక్కలో వెయ్యో ఏడు మొదలైన సందర్భంగా కట్టారనేది ఇంకో వాదం. నా మొగ్గు రెండోదాని వైపు. టూరిస్టులకు మాత్రం ప్లేగు కథే నచ్చుతుంది, ఏం చేస్తాం.

ఇక రెండో ప్రశ్న. ఉన్నారు, చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఏ పండుగ గురించి విన్నా ఒక్కటే అడుగుతాను: ఈ ఏడు చేయకపోతే ఎవరిని నిలదీస్తారు? మొక్కినవాడు పోతాడు, రోగమూ పోతుంది. ఆ తర్వాత మొక్కు ఎవరి మెడకు చుట్టుకుందో తెలిస్తే, ఆ పండుగ వందల ఏళ్లు ఎలా నిలిచిందో తెలుస్తుంది.

వెనిస్‌లో అది ప్రభుత్వం మెడకు చుట్టుకుంది. 1575 నుంచి 1577 దాకా ఆ నగరాన్ని ప్లేగు ఊడ్చేసింది. సుమారు 50 వేల మంది పోయారు, అంటే నగరంలో నాలుగో వంతుకు పైగా. 1576 సెప్టెంబరులో సెనేట్ కూర్చుని తీర్మానం చేసింది: రోగం పోతే రక్షకుడైన క్రీస్తుకు చర్చి కట్టిస్తాం, పాలకుడు ఏటా స్వయంగా అక్కడికి నడిచి వెళ్లాలి. ఆ రోజుల్లో పెద్ద పేరున్న వాస్తుశిల్పి పల్లాడియోకు పని అప్పజెప్పారు. 1577 మే నెలలో శంకుస్థాపన జరిగింది, జూలైలో నగరం రోగం నుంచి బయటపడినట్టు ప్రకటించారు. చర్చి పూర్తయ్యేదాకా ఎవరు ఆగుతారు? అదే జూలైలో కాలువ మీద పడవలు వరసగా పేర్చి వంతెన చేసి, కట్టెలతో కట్టిన తాత్కాలిక గుడికి ఊరేగింపుగా వెళ్లారు. అసలు చర్చి 1592కు గానీ సిద్ధం కాలేదు.

ఇవాళ్టికీ జూలై మూడో ఆదివారం ఆ పండుగ చేస్తారు. పేరు రెదెంతోరె. జ్యుదెక్కా కాలువ మీద తాత్కాలిక వంతెన వేస్తారు, జనం దాని మీద నడిచి చర్చికి వెళ్తారు, పండుగ అయిపోగానే దాన్ని తీసేస్తారు. ముందురోజు శనివారం రాత్రి జనం పడవల్లో చేపల కూరలు, పుచ్చకాయలు పెట్టుకుని కూర్చుని బాణసంచా చూస్తారు. వెనిస్ స్వతంత్ర రాజ్యంగా 1797లోనే పోయింది. ఏటా నడిచి వస్తానన్న ఆ పాలకుడి పదవే లేకుండా పోయింది, వంతెన మాత్రం పడుతూనే ఉంది. 2024లో జూలై 21 ఆదివారం ఒకే రోజున అక్కడ రెదెంతోరె, ఇక్కడ సికింద్రాబాద్ మహంకాళి బోనాలు జరిగాయి. పాప చార్టు మీద ఈ ఒక్క ముక్క రాసినా క్లాసులో అందరూ తిరిగి చూస్తారు.

అదే వెనిస్‌లో 1630లో మళ్లీ ప్లేగు వచ్చింది, మళ్లీ మొక్కారు, ఇంకో చర్చి కట్టారు. పేరు సాలూతె, దాని పండుగ నవంబరు 21న. ఆ రోజు పొగబెట్టి ఎండబెట్టిన గొర్రెమాంసంతో, క్యాబేజీ వేసి పులుసు వండుకుంటారు. ప్లేగు రోజుల్లో మిగతావాళ్లు దగ్గరికి రాకపోతే సముద్రానికి అవతలి డాల్మేషియా తీరంవాళ్లు ఆ మాంసం పంపారని, వాళ్ల గుర్తుగా వండుతామని చెబుతారు. మన బోనాల సోమవారం వేటమాంసం వండుకునే ఇళ్లవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

జర్మనీలో ఒబెరామర్‌గావ్ అని ఒక కొండ ఊరుంది. అక్కడ మొక్కు ఊరి మనుషుల ఒంటి మీదే కనిపిస్తుంది. 1633లో ప్లేగు వచ్చినప్పుడు ఊరివాళ్లు, మమ్మల్ని కాపాడితే పదేళ్లకోసారి క్రీస్తు చివరి రోజుల కథను నాటకంగా ఆడతామని మొక్కుకున్నారు. 1634లో మొదటిసారి ఆడారు, ఇప్పటికీ ఆడుతున్నారు. అందులో వేషం వేయాలంటే ఆ ఊళ్లో పుట్టి ఉండాలి, లేదా 20 ఏళ్లు అక్కడ కాపురం ఉండాలి. నాటకానికి ముందు ఏడాది నుంచే ఊళ్లో మగవాళ్లు జుట్టు, గడ్డం కత్తిరించడం మానేస్తారు. పోస్టు ఇచ్చే మనిషి, వడ్రంగి, టీచరు అందరూ గడ్డాలతోనే తిరుగుతారు. మన దగ్గర తిరుపతి మొక్కుకు జుట్టు ఇస్తారు, అక్కడ మొక్కుకు పెంచుతారు, అంతే తేడా.

ఆ ఊరి మొక్కుకు ఒక చీకటి వైపు కూడా ఉంది, అది దాచి రాయకూడదు. ఆ నాటకంలో యూదులను నీచంగా చూపించేవారు. 1934లో మూడు వందల ఏళ్ల వేడుకకు హిట్లరే వచ్చి చూసి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూదు సంఘాలు గట్టిగా అడిగాక గానీ నాటకం రాతలో మార్పులు పెద్దగా మొదలుకాలేదు. పెళ్లయిన ఆడవాళ్లను, 35 దాటిన ఆడవాళ్లను ఆడనిచ్చేవారు కాదు, ఊరి ఆడవాళ్లు కోర్టుకెళ్లి 1990లో ఆ అడ్డు తీయించుకున్నారు. పాతకాలం నుంచి వస్తున్న ఆచారం కాబట్టి ముట్టుకోకూడదు అనేవాళ్లకు నేను ఈ ఊరి సంగతే చెబుతాను. మన దగ్గర పెద్ద గుళ్లలో జంతుబలి పోయి గుమ్మడికాయ వచ్చింది. అమ్మకేం కోపం రాలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్యోటోలో జరిగే గియోన్ పండుగ. క్రీ.శ. 869లో అక్కడ పెద్ద రోగం వచ్చింది. అప్పటికి జపాన్‌లో 66 రాష్ట్రాలు ఉన్నాయని 66 శూలాల్లాంటి ఆయుధాలు నిలబెట్టి, రోగాలను అదుపులో పెట్టే దేవుడిని ఊరేగించారు. మొదట్లో రోగం వచ్చినప్పుడే చేసేవారు. 970 నుంచి ఏటా చేయడం మొదలైంది. జూలై నెలంతా నడుస్తుంది. అక్కడా ఆ రోజుల్లో వానలు, ఉక్కపోత, నది పొంగడం. మన ఆషాఢానికీ వాళ్ల జూలైకీ వాతావరణంలో పెద్ద తేడా లేదు. నీళ్లు చెడితే రోగం వస్తుందని చెప్పడానికి రెండు ఊళ్లవాళ్లకూ సైన్సు అవసరం రాలేదు.

ఆ పండుగలో ముఖ్యమైనవి రథాలు. ఒక్కో రథం ఒక్కో వీధిది. పెద్దవి 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల బరువు దాకా ఉంటాయి. మేకు కొట్టకుండా దుంగలను తాళ్లతోనే బిగించి నిలబెడతారు. చక్రాలు మనిషి కన్నా ఎత్తుంటాయి గానీ పక్కకు తిరగవు. కాబట్టి నాలుగు రోడ్ల కూడలి వచ్చిందంటే అసలు పరీక్ష అక్కడే. చీల్చిన వెదురు బద్దలు చక్రాల కింద పరుస్తారు, వాటి మీద నీళ్లు పోస్తారు. రథం ముందు నిలబడ్డవాళ్లు విసనకర్రలు ఊపి కేక పెడతారు. తాడు పట్టినవాళ్లంతా ఒక్కసారి పక్కకు గుంజితే, ఆ రథం కిర్రుమంటూ వెదురు మీద కొంచెం జారుతుంది. మళ్లీ బద్దలు సర్ది, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ గుంజుతారు. కొన్ని విడతల్లో గానీ పూర్తిగా తిరగదు. తిరిగిన క్షణంలో రోడ్డు మీద చప్పట్లు మోగిపోతాయి.

ఆ రథాలకు చుట్టూ కట్టే పాత తివాచీల్లో యూరప్‌లో నేసినవి ఉన్నాయి, మన దేశంలో నేసినవి ఉన్నాయి. వాటిలో కొన్ని మన దక్కన్ తివాచీలేనని నిపుణుల అభిప్రాయం. డచ్చి వర్తకుల ఓడల్లో వెళ్లి, ఇక్కడ మనకు అరుదుగా దొరికేవి, అక్కడ వీధి సంఘాల భోషాణాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. హైదరాబాద్ వాడిగా నాకు కాస్త ఈర్ష్యగానే ఉంటుంది.

క్యోటోలో మొక్కు ఎవరిదంటే వీధిది. 1467లో మొదలైన అంతర్యుద్ధంలో నగరం తగలబడి, పండుగ 33 ఏళ్లు ఆగిపోయింది. 1500లో మళ్లీ మొదలుపెట్టింది అక్కడి వర్తకులు, చేతిపనివాళ్లు. రథాలు వెళ్లే వరసను చీటీలు తీసి తేల్చుకోవడం కూడా అప్పుడే వచ్చింది, ఇప్పటికీ అలాగే చేస్తారు. 1533లో షోగున్ తరఫు అధికారులు గుడి పూజలు ఆపేస్తే, పూజలు లేకపోయినా పర్వాలేదు, మా రథాలు మాత్రం కదలాల్సిందే అని వీధులవాళ్లు వెళ్లి అడిగారు. మన బస్తీ కమిటీవాళ్లు డీసీపీ ఆఫీసు ముందు ఊరేగింపు పర్మిషన్ కోసం నిలబడినప్పుడు నాకు ఆ సంగతే గుర్తొస్తుంటుంది.

ఆ పండుగలో అమ్మే చిమాకి అనే రక్షను ఇంటి గుమ్మం పైన కడతారు. వెదురాకుల్లో చుట్టిన గడ్డి అది. అదే పేరుతో తినే పిండివంట కూడా ఉండటంతో కొత్తవాళ్లు విప్పి చూసి, లోపల ఏమీ లేదని తెల్లమొహం వేస్తారు. మన గుమ్మానికి వేపమండలు కట్టడం ఎందుకో తెలిసిన పిల్లకు దాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

హాంకాంగ్ పక్కన చుంగ్‌చౌ దీవిలో బన్నులను గోపురాల్లా పేర్చే పండుగ కూడా మహమ్మారి నుంచే వచ్చిందంటారు. పండుగ రోజుల్లో దీవిలో మాంసం మానేయడం పాత ఆచారం. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు, ఫొటోలు మాత్రం బాగుంటాయి, చార్టుకు పనికొస్తాయి.

ఇక మన సంగతి. ఈ ఏడు చేయకపోతే ఎవరిని నిలదీస్తారు అన్న ప్రశ్న హైదరాబాద్‌లో వేస్తే ఒక్క జవాబు రాదు. అమ్మకు నైవేద్యం తీసుకెళ్లే ఫలహారం బండి, వెదురుకు రంగు కాగితాలు అంటించి చేసే తొట్టెలు, డప్పులు బస్తీ కమిటీవి. పోతురాజు వేషం కొన్ని కుటుంబాలది, తండ్రి తర్వాత కొడుకు పసుపు పూసుకుని కొరడా పడతాడు. రంగం, అంటే అమ్మ పూనిందని భవిష్యత్తు చెప్పడం, ఆ పనికి అంకితమైన స్త్రీది. సికింద్రాబాద్‌లో బోనాల మర్నాడు సోమవారం పొద్దున ఆమె అమ్మవారి ఎదురుగా పచ్చికుండ మీద నిలబడుతుంది. కాల్చని కుండ అది, మామూలుగా అయితే మనిషి బరువుకు నలిగిపోవాలి. ఆమె ముఖంలోకి చూస్తూ పెద్దలు అడిగే మొదటి ప్రశ్నలు ఎప్పుడూ అవే: వానలు పడతాయా, పంటలు పండుతాయా, రోగాలు రాకుండా చూస్తావా తల్లీ?

వీటన్నిటికీ అడుగున ఉన్నది మాత్రం ఇంటి బోనం. కొత్తకుండకో ఇత్తడి బిందెకో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, లోపల బెల్లం అన్నమో పెరుగన్నమో పెట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకునేది ఇంటి ఆడమనిషి. ఆమె నడిచి వస్తుంటే దారిలో వాళ్లు కాళ్ల మీద నీళ్లు పోస్తారు, ఆమె మీద అమ్మ ఉందని. ఆ బోనం పెట్టకపోతే కమిటీ వచ్చి అడగదు, పోలీసులు అడగరు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అత్తగారు అడుగుతుంది.

అందుకే 2020లో కోవిడ్ వచ్చినప్పుడు క్యోటోలో రథాలు కదల్లేదు, వెనిస్‌లో బాణసంచా మానేశారు, ఒబెరామర్‌గావ్ నాటకం 2022కు వాయిదా పడింది. ఇక్కడ ప్రభుత్వం గుళ్లకు రావొద్దు, ఇళ్లలోనే బోనాలు చేసుకోండి అంది. జనం చేసుకున్నారు. మా వాడలో కొన్ని ఇళ్లవాళ్లు డాబా మీద వేపచెట్టు కొమ్మ పెట్టి దాని ముందే దింపారు. ఊరేగింపు, డీజే, రాజకీయ నాయకుల ఫ్లెక్సీలు ఏవీ లేవు, బోనం మాత్రం ఉంది. 2014లో రాష్ట్ర పండుగ చేసినందుకు నాకేం అభ్యంతరం లేదు, ఏర్పాట్లు మెరుగయ్యాయి కూడా. కానీ బోనాలను నిలబెట్టింది సర్కారు అనేవాళ్లకు ఆ 2020 ఆషాఢాన్ని గుర్తుచేస్తుంటాను.

పాప ప్రాజెక్టులో ఇలా రాయమనండి: బోనం తెలంగాణ ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. 1813 మొక్కు, 1815 గుడి సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళివి. పక్కన వెనిస్ 1576, క్యోటో 869, ఒబెరామర్‌గావ్ 1633 పెట్టి, ఒక్కో దానికి మొక్కింది ఎవరు, ఇప్పుడు తీరుస్తున్నది ఎవరు అని రెండు గళ్లు గీయమనండి. మూడో గడి మీ ఇంటికి ఉంచండి. మీ అత్తమ్మ గారిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో బోనం ఏ అమ్మకు, ఎవరి మొక్కుతో మొదలైంది, ఆమెకు ముందు ఎవరు ఎత్తేవారు అని అడిగి రాయించండి. అది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు కాబట్టి టీచరు మార్కులు వేయక తప్పదు.

ఆషాఢంలో నిజంగా చూపించాలనుకుంటే ఆదివారం సాయంత్రం రద్దీలోకి పిల్లను తీసుకెళ్లొద్దు, ఊపిరాడదు. గోల్కొండకు పొద్దున్నే వెళ్లండి, కోట మెట్లెక్కుతూ బోనాలు పైకి వెళ్లడం తీరిగ్గా చూడొచ్చు. రంగం టీవీలో లైవ్ వస్తుంది. లాల్‌దర్వాజా బోనాల మర్నాడు పాతబస్తీ ఘటాల (అమ్మవారి రూపంగా అలంకరించిన కలశాల) ఊరేగింపు నయాపూల్ వైపు వస్తుంది. ఆ దారిలో తెలిసినవాళ్ల డాబా ఏదైనా ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పిపెట్టుకోండి.